మగ్గం గుంతలో చెమ్మ

కర్నూలుకు వచ్చిన కొత్తలో బిపన నేర్చుకున్న మొదటి తెలుగు మాట 'నీళ్లు'. రెండోది 'రాలేదు'. ఉన్నమాట చెప్పాలంటే రెండు వేల తొమ్మిది ఆగస్టులో ఆ ఊళ్లో కాపురం చేయడానికి ఆ రెండు మాటలు వస్తే చాలు. నాలుగు రోజులకోసారి కుళాయి గురగురమంటే వీధి వీధంతా బిందెలతో బయటపడేది. మిగతా మూడు రోజులూ ఒకరినొకరు 'వచ్చినాయా' అని అడగడం, 'రాలేదు' అని చెప్పడం, అంతే సంభాషణ.

పిల్ల పూర్తి పేరు బిపన చౌధరి. నేపాల్‌లో కోశీ నది ఒడ్డున సున్‌సరి జిల్లా వాళ్లది. పంతొమ్మిదేళ్లు. మన ప్రభుత్వమిచ్చే స్కాలర్‌షిప్పు మీద నర్సింగ్ చదవడానికి ఇంత దూరం వచ్చింది. సీటు కాగితంలో కర్నూలు అని చూసి వాళ్ల నాన్న పటం తీసి వెతికాడట. ఊరి పేరు పక్కనే నీలం గీత కనపడింది. 'మళ్లీ నది పక్కకేనా' అన్నాడట ఆయన. అలా అనడానికి కారణం ఉంది, అది తర్వాత చెబుతాను. తీరా ఇక్కడికొచ్చి చూస్తే తుంగభద్రలో బర్రెలు మోకాళ్లు తడవకుండా అవతలి గట్టుకు నడిచి పోతున్నాయి. అది చూశాక ఆ పిల్ల గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగిపోయింది.

కాలేజీ హాస్టల్లో ఖాళీ లేదన్నారు. వారం తిరిగితే వన్‌టౌన్‌లో, నది వైపుకు దిగే ఒక సందులో, సుబ్బక్క మిద్దె మీద గది దొరికింది. కింద వాళ్ల కాపురం, ముందు గదిలో ఆమె మొగుడు కాశన్న మగ్గం. పెరట్లోంచి పైకి ఇరుకు మెట్లు. సుబ్బక్కకు అరవై దాటాయి. పక్కన సాయిబుల ఇళ్లుండేవి కాబట్టి ఉర్దూ కొంత వచ్చు, బిపనకు హిందీ వచ్చు, ఆ రెండూ కలిసి ఎలాగో నడిచిపోయేది. ఆమె మాటలు నేనిక్కడ ఆమె తెలుగులోనే చెబుతాను. ఆమె ఉర్దూ యథాతథంగా రాస్తే ఉర్దూ వాళ్లూ ఒప్పుకోరు, తెలుగు వాళ్లూ ఒప్పుకోరు.

"బిపన అంటే ఏమి పాపా? ఏ దేవుని పేరు?" అని మొదటి రోజే అడిగింది.

"దేవుడి పేరు కాదు. మెలకువ అని అర్థం. కలకు ఎదురు మాట."

"మెలకువనా. మంచిదేలే. మా ఇంట్లో అది ఎవురికీ ల్యా," అని సుబ్బక్క మొగుడి వైపు చూసింది. "నన్ను అవ్వా అను. ఆయప్పను తాతా అను. ఆయప్ప పలకడు, పట్టించుకోవద్దు."

కాశన్న నిజంగానే పలికేవాడు కాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకు చెప్పినట్టు 'ఆ పిల్లకు చెప్పు' అని పెళ్లాంతో అనేవాడు. ఎదురుగా నిలబడినా సరే.

ఆ సందులో పలికేవాడు ఎవరంటే బొజ్జన్న. ఎదురింట్లో ఒంటరి మనిషి, యాభై ఏళ్లుంటాయి, ఆయనదీ మగ్గమే. కర్నూల్లో నేపాల్ వాళ్లంటే జనానికి తెలిసింది రాత్రిళ్లు విజిల్ ఊదుకుంటూ తిరిగే గూర్ఖాలే కదా. "ఏం పాపా, మీ నాయన ఏ వీధిలో ఊదుతాడు విజిలు? మా వీధికొచ్చేటోడు నెల కాంగానే తలుపు కొడతాడు, దొంగను మాత్రం ఒక్కన్ని గూడా పట్టల్యా," అనేవాడు. సుబ్బక్క ఆ మాట తన ఉర్దూలోకి మార్చి చెబితే బిపన మొదటిసారి ముఖం ముడుచుకుంది, రెండోసారి నవ్వేసింది. ఎందుకంటే కాలేజీ మొదటి రోజున దారి తెలియక నిలబడితే, పడుగులో అటూ ఇటూ పోగు తోసే నాడెను పక్కన పెట్టి బస్టాపు దాకా నడిచి వచ్చిందీ, కండక్టరుతో 'ఈ పాప మా వీధి పాప, సూసి దించప్పా' అని చెప్పిందీ ఆయనే. ఆదివారం పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చి మెట్ల మీద పెట్టిపోయేదీ ఆయనే. బజ్జీ కొరికి బిపన కళ్లనీళ్లు పెట్టుకుంటే తన గడప మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. మా వీధికి కాపలా పాప వచ్చినాది అని అందరికీ చెప్పుకునేవాడు. ఊరు కాని ఊళ్లో మనిషికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

ఇక మగ్గం సంగతి. అది గుంత మగ్గం. నేలలో నడుము లోతు గుంత తవ్వి ఉంటుంది. నేసేవాడు గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతాడు. ఎదురుగా నిలువు పోగులు, అంటే పడుగు, వేల కొద్దీ బారుగా సాగి ఉంటాయి. ఆ ఎండిన గాలికి పోగులు పెళుసెక్కి పుటుక్కున తెగేవి. తెగినప్పుడల్లా ఆగి ముడేయాలి. అందుకని నేతగాళ్లు గుంతలో నీళ్లు చల్లి, తడి గోనెపట్ట పరిచి ఉంచుతారు. కింది నుంచి చెమ్మ లేస్తే పోగు మెత్తబడి నిలుస్తుంది. నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే ఊళ్లో గుంతకు రోజూ బకెట్ నీళ్లంటే ఇంటావిడకు ఒళ్లు మండదా? ఆ బకెట్ దగ్గరే సుబ్బక్కకూ కాశన్నకూ పొద్దున్నే యుద్ధం మొదలయ్యేది.

ఒకనాడు బిపన మగ్గం పక్కన కూర్చుని, ఈ పోగులు అయిపోతే ఏం చేస్తారని అడిగింది.

"అయిపోనీరు," అంది సుబ్బక్క. "చీర దించినా గూడా ఆఖరున జానెడు పడుగు మగ్గానికే వదుల్తారు. కొత్త పోగులు దానికే అతుకుతారు, ఒక్కొక్కటి. ఈయప్ప కూచున్నప్పటి నుంచి ఈ మగ్గం మింద పడుగు కోసిందే ల్యా."

"ఎప్పుడూ కోయరా?"

సుబ్బక్క మగ్గం కొయ్యకు వేలాడుతున్న పెద్ద కత్తెర వైపు చూసి గొంతు తగ్గించింది. "ఒక్కసారి కోస్తారు. నేసేటోడు సచ్చిపోతే. పాడె లేసేలోపల పడుగు అడ్డంగా కోసేస్తారు. మా మామ పోయినప్పుడు ఈయప్పే కోసినాడు. మల్లా ఈ మాట ఇంట్లో ఎత్తొద్దు, ఈయప్ప ఇంటే కొడతాడు."

బిపన మళ్లీ ఎత్తలేదు. పరాయి చోట ఎక్కడ నోరు మూసుకోవాలో ఆ పిల్లకు చప్పున తెలిసిపోయేది.

దసరా వెళ్లిన మర్నాడు వాన పట్టుకుంది. ఆ ఏడాదంతా మొహం చాటేసిన వాన అప్పుడు వచ్చి కూర్చుంది. కాలేజీకి సెలవులిచ్చారు. వీధిలో పిల్లాపెద్దా తడుస్తూ తిరిగారు. మంగళవారం పొద్దున కాశన్న గుంతలో కాలు పెట్టి, తీసి, అరికాలు చేత్తో తడిమి చూసుకున్నాడు. నీళ్లు చల్లకుండానే అడుగంతా చెమ్మగా ఉంది.

"మే, ఈ పొద్దు బకెట్ వద్దులే," అన్నాడు పెళ్లాంతో. నలభై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలట. సుబ్బక్క సంతోషం చూడాలి. ఆ రోజు ఆయన నేతలో ఒక్క పోగూ తెగలేదు. ఎదురింట్లోంచి బొజ్జన్న కేకేశాడు, "కాశన్నా, నా గుంతలో గూడా చెమ్మ వచ్చినాదప్పా. పోగు సూడు, వెన్న లెక్క పోతాండాది." ఆ సందులో ఉన్న ఏడు మగ్గాలదీ ఒకటే పాట.

బిపన వంగి గుంత అంచు మట్టిని వేలితో నొక్కింది. వేలు దిగబడింది. ఊటలా నీళ్లు పైకి వచ్చాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాన నీళ్ల వాసన లేదు. ఒండ్రు వాసన. ఆ వాసన ఆ పిల్లకు తెలుసు.

అంతకు ముందటి ఏడు వాళ్ల ఊళ్లో ఆగస్టు నెలలో, రోజూ అలికే మట్టినేల రెండు రోజులు ఆరలేదు. ఎంత ఎండ కాసినా ఆరలేదు. 'నేల కింది నుంచి తడుస్తోంది నాన్నా' అని ఒక్కసారి చెప్పింది. కట్ట ఉంది కదా, పిచ్చిదానా అన్నాడాయన. పెద్దవాళ్లు అన్నాక మళ్లీ ఏం చెబుతాం అని ఊరుకుంది. మూడో రోజు కోశీ కట్ట తెగింది. లోపలి గదిలో పడుకున్న నాయనమ్మ, ఆజీ అంటారు వాళ్లు, మంచం మీదే ఉండిపోయింది. రెండోసారి ఎందుకు చెప్పలేదని నాన్న ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడమే ఆ పిల్లను కాల్చుకుతినేది.

అందుకే ఈసారి చెప్పింది. మంగళవారం చెప్పింది, బుధవారం రెండుసార్లు చెప్పింది. "అవ్వా, ఇది వాన నీళ్లు కాదు, నది. కింది నుంచి వస్తోంది. మనం మెరకకు పోదాం."

సుబ్బక్క ఆ పిల్ల తల నిమిరింది. "నీకు ఆ భయం పట్టుకున్యాది పాపా. అది మీ ఊరి నది. మా నదికి యాడ ఉండాయమ్మా నీళ్లు? రాక రాక వస్తే పారిపోతారా ఎవురైనా?"

వాళ్ల తప్పు అనడానికి నాకు నోరు రాదు. బిందె నీళ్ల కోసం జుట్లు పట్టుకున్న మనుషులకు నీళ్లను చూసి పరుగెత్తాలని ఎవరు నేర్పాలి? బుధవారం సాయంత్రం గుంతలో పాదం మునిగింది. కాశన్న చెంబుతో తోడి పోసి మళ్లీ నేతకు కూర్చున్నాడు. తోడిన కాసేపటికి మళ్లీ అంతే.

గురువారం మధ్యాహ్నం వీధి ఆడవాళ్లంతా పళ్లేల్లో పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ పెట్టుకుని నది దగ్గరికి పోయారు. సుబ్బక్కా పోయింది. తిరిగొచ్చి, "మెట్లన్నీ మునిగినాయి పాపా. గంగమ్మ మా ఇండ్లకాడికే వచ్చాండాది," అంది. ముఖం వెలిగిపోతోంది. బిపన మిద్దె ఎక్కి సందులోకి చూసింది. ఇంటి ముందు మోరీ ఎప్పుడూ నది వైపు పారేది. ఇప్పుడు అందులో చెత్త నది వైపు నుంచి పైకి వస్తోంది. తేలుతున్న ఒక చెప్పు ఇళ్ల గడపలు దాటుకుంటూ మెల్లగా ఎగువకు పోతోంది.

మెట్లు దిగి ముందు బొజ్జన్న ఇంటికే పరుగెత్తింది. ఆయన మగ్గం మీదున్నాడు. పిక్కల దాకా నీళ్లలో కాళ్లు పెట్టుకుని తొక్కుతున్నాడు, పైగా ఏదో పదం పాడుకుంటున్నాడు.

"బొజ్జన్నా, నీళ్లు. పైకి రా. మా పైకి రా," అంది బిపన వచ్చిన తెలుగులో.

"రోజూ నీళ్లు రాలేదు, రాలేదు అంటాంటివే. ఇప్పుడొచ్చినాయి కదా, సంతోషపడు," అన్నాడు నాడె విసురుతూ. పిల్ల ముఖం చూసి కాస్త తగ్గాడు. "సరే పాపా, వస్తా. పొద్దున్నుంచి ఒక్క పోగు తెగల్యా. ఇట్లాంటి దినం మల్లా యాడ వచ్చాది? ఇంగ రెండు మూరలుండాది, అయినంక వస్తా. నువ్వు పో."

వస్తా అన్నాడు కదా అని నమ్మి వచ్చేసింది.

ఇంట్లోకి వచ్చేసరికి వీధిలో నీళ్లు గడపను తాకుతున్నాయి. సుబ్బక్క పసుపు రాసిన గడప దగ్గర కర్పూరం వెలిగించింది. కర్పూరం బిళ్ల పెట్టిన పళ్లెం కిందికి నీళ్లు వచ్చి, పళ్లెం లేచి, లోపలికి తేలింది. అది చూశాక ఆమె చేతులు ఆగిపోయాయి. బిపన ఆమె భుజం పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయి మెట్లెక్కించింది. ఈసారి ఆమె ఎదురు చెప్పలేదు. "ఆయప్పా, ఆయప్పను పిల్చకరా," అని మాత్రం అంటూ ఉంది.

కాశన్న గుంతలో మోకాళ్ల దాకా నీళ్లు. తొక్కుతున్న చెక్కలు కనిపించడం లేదు. ఆయన తొక్కుతూనే ఉన్నాడు.

"తాతా, రా."

"పోయి ఆ పిల్లకు చెప్పు, మూరన్నర ఉండాదని," అన్నాడు ఆయన, గదిలో ఇంకెవరూ లేకపోయినా. "చీర దించి వస్తా. సావుకారుకు మాట ఇచ్చినా. గుంతలోకి నీళ్లొస్తే మగ్గం ఇడ్చిపెట్టి పోయేటోడు నేతగాడు కాదు."

చెయ్యి పట్టి లాగింది, విదిలించాడు. కాళ్లు పట్టుకుంది, తోసేశాడు. గడప మీదుగా వచ్చిన నీళ్లు గది నేల మీద పరుచుకుని ఇప్పుడు గుంతలోకి చప్పుడు చేస్తూ దూకుతున్నాయి. బిపన ఏడుస్తోంది. భయంతో కాదు, కోపంతో. ఈ ముసలాయన మీద, వాళ్ల నాన్న మీద, తన మీద, అందరి మీదా కోపం. ఆ కోపంలో కళ్లు మగ్గం కొయ్య మీద పడ్డాయి.

కత్తెర తీసింది. ఆయన చూశాడు. ఏం చేయబోతోందో అర్థమై నోరు తెరిచేలోపల ఆ పిల్ల పడుగు మీద అడ్డంగా వేసేసింది. సాగదీసి కట్టిన వేల పోగులు ఒక్కసారిగా వదులై వెనక్కి ఎగిరి పడ్డాయి. ఇంకో కోత. ఇంకోటి. ఆయన ముందున్న చీర ముక్క వాలిపోయి నీళ్లలో పడింది.

కాశన్న గొంతులోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు. తెగిన పోగుల్ని గుప్పిటితో పట్టుకుని గుంతలోంచి లేచాడు. "బతికుండంగానే నాకు పాడె కడితివా. నా ఇంట్లో ఉండి, నా నీళ్లు తాగి." ఆ రెండు నెలల్లో ఆయన ఆ పిల్లతో నేరుగా అన్న మొదటి మాటలివి. బిపన కత్తెరతో సహా పెరట్లోకి పరుగెత్తింది. ఆయన వెనకే చెయ్యెత్తుకుని వచ్చాడు. ఆ పిల్లకు కావాల్సిందీ అదే. ఐదు మెట్లెక్కి వెనక్కి తిరిగి చూసింది, వస్తున్నాడా లేదా అని. వస్తున్నాడు. పైమెట్టు మీద జడ దొరకబుచ్చుకుని కొట్టాడు కూడా. ఒకటి, రెండు. మూడో దెబ్బకు చెయ్యి లేపి ఉండగానే, సందు చివర ఏదో గోడ కూలిన చప్పుడయింది.

నీళ్లు పారుతూ రాలేదు. నిలబడి వచ్చాయి. కింద ముందు తలుపు లోపలికి పడిపోయింది. చూస్తుండగానే మెట్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. వీధి తలుపులోంచి మగ్గం కొయ్యలు ఒకదాని వెంట ఒకటి బయటికి తేలి పోయాయి. కాశన్న లేపిన చెయ్యి అలాగే ఉంచుకుని చూస్తూ నిలబడ్డాడు.

బిపన పిట్టగోడ మీదికి వంగి బొజ్జన్న పేరు పెట్టి పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. దిగబోతే సుబ్బక్క నడుము చుట్టూ చేతులేసి పట్టుకుని కూర్చుండిపోయింది. చీకటి పడింది. తర్వాత ఏమీ చూసే వీల్లేదు, వినడమే.

ఆ గదిలో బిపన మంచం మీద ముగ్గురూ కూర్చున్నారు. కాశన్న గోడ వైపు తిరిగి ఉన్నాడు, గుప్పిట్లో పోగులు అలాగే ఉన్నాయి. సుబ్బక్క మొగుడి వైపు తిరిగింది.

"ఇదో, వింటాండావా. ఆ పిల్లను తిట్టొద్దు. పడుగు కోస్తే నేసేటోడు పోయినట్టే కదా. నీ సావు అయిపోయినాది. గంగమ్మకు ముట్టినాది. ఇంగ ఈ పొద్దు నీ కోసం ఎవురూ రారు."

కాశన్న గుప్పిటి విప్పి, ఆ పోగుల్ని తొడ మీద పెట్టుకుని, చీకట్లోనే చిక్కు తీయడం మొదలుపెట్టాడు.

తెల్లవారేసరికి వాన లేదు. సందు నిండా ఎర్రటి నీళ్లు, కదలకుండా. తలుపుల పైకమ్మీలు కూడా కనపడటం లేదు. ఎత్తు మిద్దెల మీద అక్కడక్కడా మనుషులు తడిసిన గొడుగులు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎదురుగా బొజ్జన్న ఇంటి నాపరాళ్ల కప్పు జానెడు మేర తేలి ఉంది. దాని మీద మనిషి లేడు. పైకెక్కడానికి ఆయన వాడే నిచ్చెన కప్పు పక్కన నీళ్ల మీద తేలుతోంది, దాన్ని గోడ కొక్కేనికి కట్టిన మోకు అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు.

కాశన్న పిట్టగోడ దగ్గరికి నడిచి వచ్చాడు. "బొజ్జన్నా," అని పిలిచాడు. మామూలుగా, పొద్దున్నే ఎదురింటి మనిషిని పిలిచినట్టే. కాస్త ఆగి మళ్లీ పిలిచాడు.

నీళ్లలో బొజ్జన్న వాకిలి ఉండాల్సిన చోట తెల్లగా ఏదో ఆడుతోంది. బిపన ముందు గుడ్డ అనుకుంది. పడుగు. ఒక కొస లోపల ఎక్కడో బిగిసి ఉంది. ఎక్కడా తెగలేదు.

కాశన్న దాన్నే చూస్తున్నాడు. ఆ తర్వాత పక్కనున్న పిల్ల చేతి వైపు చూశాడు. కత్తెర ఇంకా ఆ చేతిలోనే ఉంది, రాత్రంతా వదల్లేదు. ఆయన దాన్ని మెల్లగా, వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి తీసుకున్నాడు. కోపంగా లేడు. నిన్న కొట్టిన చోట వాచిన ఆ పిల్ల చెంపను ముసలి వేళ్లతో ఒకసారి తాకాడు.

"పాపా," అన్నాడు. "ఈ కత్తెర తీసుకోని వాని ఇంటికి గూడా పోయింటే బాగుండు కదమ్మా."